రిజిస్టరులో ఏడో పేరు

జీవరత్నం రాసే రిజిస్టరంటే ఆ మిషను ఆస్పత్రిలో అందరికీ హడలు. ఆపరేషను థియేటరు బయట చిన్న బల్ల మీద, గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం అది. పేషెంటు పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, మతం, చేసిన ఆపరేషను, చేసిన డాక్టరు, ఇవన్నీ ఏ ఆస్పత్రిలోనైనా రాసేవే. ఆమె మాత్రం చివర ఇంకో గడి గీసుకుంది. కుట్లు వేయడానికి పగలగొట్టిన క్యాట్‌గట్ గొట్టం మీది నంబరు ఆ గడిలో రాస్తుంది. క్యాట్‌గట్ అంటే గొర్రెపేగుతో చేసిన దారం. లోపలి కుట్లకి వాడతారు, కొన్నాళ్ళకి ఒంట్లోనే కరిగిపోతుంది. సన్నటి గాజుగొట్టంలో, మందునీళ్ళలో మునిగి వస్తుంది. దాని మీది చీటీ చదివి నంబరు రాసుకునే నర్సు కృష్ణా జిల్లాలో ఇంకొకతె ఉందంటే నమ్మక్కర్లేదు.

పాతికేళ్ళ కిందట పని నేర్పిన దొరసాని నర్సు రాయమంది, ఈమె రాస్తోంది, అంతే. ఎందుకు రాయాలో ఆ దొరసానీ చెప్పలేదు, ఈమే అడగలేదు. కొత్తగా చేరిన నర్సు పిల్లలు గొర్రె నంబర్ల సిస్టరు అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆమె వినీ విననట్టు ఊరుకునేది. ఊరుకోకపోతే ఆమె నోటి ముందు వాళ్ళు నిలవలేరు.

డెబ్భై ఎనిమిది ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున డ్రగ్ ఇన్‌స్పెక్టరు రత్తయ్యగారు చేతిలో ఒక ఉత్తరంతో ఆస్పత్రికి వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు, మాట తక్కువ. ఒక కంపెనీ క్యాట్‌గట్‌లో ఫలానా నంబరు సరుకు వెంటనే వాడకం ఆపి వెనక్కి పంపమని ఆ ఉత్తరం సారాంశం. వేరే జిల్లాలో ఆ దారంతో కుట్లు పడ్డ ఇద్దరికి ధనుర్వాతం వచ్చి చచ్చిపోయారు. పేగు దారాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండా గొట్టాల్లో పెట్టి సీలు వేశారేమోనని అనుమానం.

పెద్ద డాక్టరుగారు, అంటే ఆస్పత్రి సూపరింటెండెంటు, జీవరత్నాన్ని పిలిపించాడు. ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చి, ఆఖరి గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి దింపింది. అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ నంబరు దారం పడినవాళ్ళు ఏడుగురు. పేరు, ఊరు, తారీకు, అన్నీ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పటికి నాలుగు ఆస్పత్రులు తిరిగాడట. ఆ సరుకు వాడారో లేదో కూడా ఒక్కరూ చెప్పలేకపోయారట. పాతికేళ్ళ చాకిరీకి ఆ ఒక్క పూటా ఆమె మనసు నిండిపోయింది. అబద్ధం చెప్పడం దేనికి, కాస్త పొంగిపోయింది కూడా.

కుట్లు పడ్డ వారం నుంచి రెండు మూడు వారాల లోపల ఆ జబ్బు బయటపడుతుంది. బయటపడకముందే విరుగుడు ఇంజెక్షను పడితే మనిషి దక్కే ఆశ ఉంది. దవడ బిగిశాక పడితే ఏమవుతుందో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఏడుగురిలో ముగ్గురు ఇంకా వార్డులోనే ఉన్నారు, అప్పటికప్పుడు ఇంజెక్షను పొడిచేశారు. మరో ముగ్గురు బెజవాడలోనే ఉంటారు, వార్డు బాయి బాలశౌరి సైకిలు మీద తిరిగి సాయంత్రానికి ముగ్గుర్నీ రిక్షాల్లో పట్టుకొచ్చాడు.

ఇక మిగిలింది ఏడో పేరు. మార్త, భర్త ఏసుపాదం, క్రైస్తవులు, ఊరు వెలగలపాడు, ఉయ్యూరు దగ్గర. సిజేరియను, ఆడపిల్ల. సంఘ సభ్యులమని పాస్టరుగారి ఉత్తరం తెచ్చుకుని సగం ఫీజుకి చేరారు. ఆపరేషను జరిగి మంగళవారానికి పదకొండు రోజులు. ఎనిమిదో రోజున కుట్లు విప్పి ఇంటికి పంపేశారు. ఆ అమ్మాయి మొహం జీవరత్నానికి లీలగానే గుర్తుంది. థియేటరు నర్సు చూసేది మత్తులో ఉన్న మొహాలనే, పేషెంట్లు చూసేది గుడ్డ కట్టుకున్న ఆమె కళ్ళనే.

ఆస్పత్రి వ్యాను రిపేరులో ఉంది. రేపు నా జీపులో వెళ్దాం అన్నాడు ఇన్‌స్పెక్టరు. పెద్ద డాక్టరుగారు సంతోషించాడు, గవర్నమెంటు జీపయితే ఊళ్ళో మర్యాద చేస్తారన్నాడు. చేశారు మర్యాద.

బుధవారం మధ్యాహ్నం ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో ఇంజెక్షను మందు పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచీరలో జీవరత్నం జీపెక్కింది. బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డు పట్టాక ఇన్‌స్పెక్టరు నోరు విప్పాడు. కంపెనీవాళ్ళు తప్పు ఒప్పుకోవడం లేదట. ఆ చచ్చిపోయిన ఇద్దరూ ఆపరేషను చేయించుకున్న చోట శుభ్రం లేదు, తప్పు థియేటరుది, దారానిది కాదు అని వాదిస్తున్నారట. ఇప్పటికి సరుకు ఆపించడం వరకే జరిగింది. మీ ఆస్పత్రి లాంటి శుభ్రమైన చోట కుట్టిన ఒక్క మనిషికి వచ్చిందంటే వాళ్ళకి నోరుండదు, మొత్తం తగలబెట్టాల్సిందే, రాలేదంటే మటుకు ఎక్కువ రోజులు ఆపలేను అన్నాడు. రాకూడదనే కోరుకుందామండీ అంది జీవరత్నం. అంతేలెండి అన్నాడాయన.

ఉయ్యూరు వచ్చేసరికి ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు రోడ్డంతా ఆక్రమించాయి. వాటిని తప్పించుకుని, కాలవగట్టు మీద నాలుగు మైళ్ళు పోతే వెలగలపాడు. ఊరు దాటి అవతల పేట. తాటాకు ఇళ్ళు, మధ్యలో సున్నం వేసిన చిన్న ప్రార్థన పాక. జీపు చప్పుడు విని ఎదురొచ్చిన పిల్లలు ముందు పెట్టిన గవర్నమెంటు బోర్డు చూసి ఆగిపోయారు. ఒక పిల్లాడు వెనక్కి పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు ఫైలు చేత్తో పట్టుకుని దిగి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివాడు. మార్త, భర్త ఏసుపాదం, క్రైస్తవులు, ఇల్లెక్కడ అని అడిగాడు. ఎదురుగా ఉన్న గుమ్మంలో ఒక పెద్దావిడ చేతిలో తడిపిన చంటిపిల్ల గుడ్డలతో నిలబడి ఉంది. ఆమె ఆ గుడ్డలు వెనక్కి పెట్టుకుంది.

"అట్టాంటోళ్ళెవరూ ఇక్కడ లేరండి. మేవంతా హిందువులమేనండి," అంది.

ఆయన అడిగింది ఇల్లెక్కడని, ఆమె చెప్పింది మతం సంగతి. జీవరత్నానికి అక్కడే తట్టాలి. తట్టలేదు. పాతికేళ్ళుగా రిజిస్టర్లో అక్షరం తప్పని మనిషికి కళ్ళ ముందున్నది కనపడలేదు. ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఇది ఆస్పత్రి పనమ్మా, ఆ అమ్మాయికి కుట్టిన దారంలో దోషం ఉందని తెలిసింది, ఇంజెక్షను వేయకపోతే ప్రాణానికే మోసం వస్తుంది అని మెల్లిగా ఒకసారి, గట్టిగా రెండోసారి చెప్పింది. జనం ఆమె మొహం వంక చూడలేదు, ఇన్‌స్పెక్టరు చేతిలో ఫైలు వంకే చూశారు. లోపలెక్కడో చంటిపిల్ల ఏడ్చి, ఏడుపు మధ్యలోనే ఎవరో నోట్లో పాలు పెట్టినట్టు ఆగిపోయింది. సంఘ పెద్ద జక్కయ్య భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ వచ్చి, తుఫాను తరవాత దివితాలూకా నుంచి ఎవరెవరో కూలికొచ్చి పోయారండి, వాళ్ళల్లో ఉందేమోనండి అన్నాడు. మొహంలో ఎక్కడా తేడా లేదు.

ఇన్‌స్పెక్టరు ఫైలులో రాసుకుని జీపెక్కాడు. సగం ఫీజు కోసం ఏదో ఒక పేరూ ఊరూ చెప్పి ఉంటారమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు అన్నాడు. జీవరత్నం దారి పొడుగునా దులిపేస్తూనే ఉంది. పాస్టరు ఉత్తరానికీ విలువ లేకుండా పోయింది, సగం ఫీజంటే ముందుంటారు, ప్రాణం మీదికొస్తే మాత్రం తలుపులు వేసుకుంటారు. ఉయ్యూరు దాటే దాకా ఆ తిట్లు ఆగలేదు.

కంకిపాడు దగ్గరికొచ్చాక ఆ పెద్దావిడ మాట మళ్ళీ చెవిలో పడింది. మేవంతా హిందువులమేనండి. ఆ మాట ఆమెకి కొత్తది కాదు. మూడేళ్ళ కిందట తాసీల్దారు ఆఫీసులో ఆ మాటే తను చెప్పింది. పొద్దున చర్చిలో, అదే వాళ్ళ గుళ్ళో, ప్రార్థన చేసుకుని, బైబిలు ఇంట్లో పెట్టి, నుదుట బొట్టు పెట్టుకుని మరీ వెళ్ళి చెప్పింది. గుళ్ళో దానియేలుగా పెరిగిన కొడుకు కాలేజీలో కోటేశ్వరరావు. హిందూ హరిజనులమని ఇచ్చే కులం కాగితం లేకపోతే వాడికి కాకినాడ ఇంజనీరింగ్‌లో రిజర్వు సీటు లేదు. తాతలనాటి నుంచి ఊరవతలే ఉంచినవాళ్ళని, ఏసు గుడికి పోతున్నావు కాబట్టి నువ్వు ఊరవతలి మనిషివి కాదు పొమ్మని గవర్నమెంటు రాసేసుకుంది. ఊళ్ళోకి మాత్రం ఎవరూ రానివ్వలేదు. అందుకే ఇంటికి రెండు పేర్లు. ఒకటి దేవుడికి, ఒకటి ఆఫీసుకి. అది తెలియని గుమ్మం ఆ పేటలో ఒక్కటీ ఉండదు, తన వీధిలోనూ ఉండదు. అంతా తెలిసిన తనే, గవర్నమెంటు జీపు పక్కన నిలబడి, ఫైలు పట్టుకున్న ఆఫీసరు చేత దేవుడి పేరు పెట్టి పిలిపించింది.

"జీపు ఆపండి," అంది.

డ్రైవరు ఆపాడు. ఏమైందమ్మా అని ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. వెనక్కి పోదామండీ, ఆ అమ్మాయి ఆ ఇంట్లోనే ఉంది అనాలి. అంటే ఎందుకు లేదన్నారని ఆయన అడుగుతాడు. చెప్పాలి. చెబితే ఆయన రాసుకుంటాడు, రాసుకోవడమే ఆయన ఉద్యోగం. మీకెలా తెలుసమ్మా అని కూడా అడుగుతాడు.

"కడుపులో తిప్పుతోందండీ," అంది. దిగి రోడ్డు పక్కన, తుమ్మచెట్టు కింద కాసేపు వంగి నిలబడింది. ఏమీ రాలేదు. కొంగుతో మూతి తుడుచుకుని మళ్ళీ ఎక్కింది. రేపు మొదటి బస్సుకి తనొక్కతే వస్తుంది, ఒక్క పూటకి కొంపలేం మునగవు అనుకుంది. అలా అనుకుంటే తప్ప ఆ జీపులో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

గురువారం పొద్దున రంగు నేతచీర కట్టుకుని, ఫ్లాస్కు సంచిలో దాచుకుని వెళ్ళింది. ఉయ్యూరులో బస్సు దిగి రిక్షా మాట్లాడుకుంది. నిన్నటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి వినపడేటట్టు, "వందనాలమ్మా," అంది. గుడికి పోయేవాళ్ళు తప్ప ఆ మాట ఎవరూ అనరు. పెద్దావిడ బయటికొచ్చి, చీర చూసి, మొహం చూసి, నిన్నటి మనిషేనని పోల్చుకుంది. తరవాత వందనాలండి అంటూ గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. ఆవిడ మార్త అత్తగారు, పేరు రావమ్మ. గుళ్ళో సువార్తమ్మ.

తెల్లవారు నుంచీ కోడలు కాఫీ తాగలేకపోతోందండి, నోరు పట్టేసిందంటోంది, చలిగాలికి వాతం కమ్మిందేమోనని ఉప్పు కాపడం పెడుతున్నానండి అని ఆవిడ చెబుతూనే ఉంది. జీవరత్నం ఆ మాటలు పూర్తిగా వినలేదు. లోపల నులకమంచం మీద ఆ అమ్మాయి వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన గుడ్డల్లో పదమూడు రోజుల పిల్ల. మొహం కండరాలు లాక్కుపోయి, ఊరికే నవ్వుతున్నట్టు ఉంది ఆ అమ్మాయి. ఆ నవ్వు జీవరత్నం ఇదివరకు ధనుర్వాతం కేసుల్లో చూసింది. మంచం పట్టె మీద కూర్చుంది. నోరు తెరువమ్మా అంటే వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు.

అయినా వేయాల్సిన ఇంజెక్షను వేసింది. వేస్తుంటే ఆ అమ్మాయి పళ్ళ సందుల్లోంచి మాట్లాడింది.

"నిన్న మీరు పిలిచింది వినపడిందండి. పలుకుదామనే అనుకున్నా. మా ఆయన ఉద్యోగం పోద్దని పలకలేదండి."

అప్పుడు రావమ్మ చెప్పింది సంగతంతా. కొడుకు గుళ్ళో ఏసుపాదం, కాగితాల్లో పుల్లయ్య. ఇబ్రహీంపట్నంలో కట్టే కరెంటు ఫ్యాక్టరీలో రిజర్వు కోటా కింద హెల్పరు ఉద్యోగం వచ్చింది, ఆ పేటలో గవర్నమెంటు జీతం అదే మొదటిది. ఓర్వలేనివాళ్ళెవరో వీడు కిరస్తానీ అని అర్జీ పెట్టారు. నెల కిందట ఇట్టాంటి జీపులోనే ఒకాయన వచ్చాడు. మలేరియా మనిషినని చెప్పి, ఇంటింటికీ తిరిగి, పిల్లల్ని దగ్గరకి పిలిచి, మీరు ఆదివారం ఎక్కడికి పోతారర్రా అని బిళ్ళలిచ్చి మరీ అడిగాడు. ఆరోజు నుంచి పేటంతా మాటనుకున్నారు, జీపులో ఎవరొచ్చి దేవుడి పేరు పెట్టి అడిగినా అట్టాంటోళ్ళు లేరనాలని. మీరూ ఆ బాపతే అనుకున్నామమ్మా అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఆ కొట్టుకునే చెయ్యి పట్టుకుని ఆపే హక్కు కూడా తనకి లేదనిపించింది జీవరత్నానికి. వాళ్ళు భయపడి అబద్ధం చెప్పారు, బతుకు కోసం చెప్పారు. తను కంకిపాడు దగ్గర రోడ్డు పక్కన నిలబడి దేని కోసం చెప్పింది? తనకీ భయమే. కాకపోతే తన ఒంట్లో విషం ఎక్కే దారం లేదు, అంతే తేడా.

ఉయ్యూరు నుంచి టాక్సీ తెప్పించి మధ్యాహ్నానికి ఆస్పత్రికి చేర్చారు. కబురందుకుని ఇబ్రహీంపట్నం నుంచి మొగుడు వచ్చాడు. పొట్టిగా, చొక్కా నిండా సిమెంటు మరకలతో ఉన్నాడు, ముప్పై ఏళ్ళు ఉండవు. చేర్చుకునే బల్ల దగ్గర గుమస్తా పేరు అడిగితే సీతమ్మ, భర్త పుల్లయ్య, హిందూ అన్నాడు. ఊరు ఇబ్రహీంపట్నం అన్నాడు. గుమస్తా రాసుకున్నాడు. ఆరోజు ఆ సంగతి జీవరత్నం పట్టించుకోలేదు. మనిషి ప్రాణం పోతుంటే పేరు ఎవరు చూస్తారు?

కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసిన గదిలో ఆ అమ్మాయిని రెండు రోజులు ఉంచారు. తలుపు కిర్రుమన్నా, గిన్నె కింద పెట్టినా ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. తెలివి మటుకు పూర్తిగా ఉంది. ఆ జబ్బుకి అంతకన్న పాపిష్ఠి గుణం ఇంకోటి లేదు. పిల్లని చూపించమని కళ్ళతో అడిగేది, చూపిస్తే ఏడవబోయి బిగుసుకుపోయేది. రెండో రోజు నుంచి చూపించడం మానేశారు. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఊపిరి ఆగిపోయింది.

శవాన్ని ఇవ్వడానికి కాగితాలు రాస్తుంటే జీవరత్నం గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇది మార్త, నా రిజిస్టర్లో ఏడో పేరు, ఫిబ్రవరి మూడున ఇక్కడే సిజేరియను జరిగింది, అలా రాయి అంది. గుమస్తా పెద్ద డాక్టరుగారి గది వంక చూశాడు. ఈలోగా పుల్లయ్య వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. దణ్ణం పెట్టలేదు, కాళ్ళు పట్టుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు కూడా లేవు.

"మార్త అని రాస్తే ఏసుపాదం నేనే అవుతానండి. ఆ కాగితం అర్జీ పెట్టినోళ్ళ చేతిలో పడ్డానికి ఎంతసేపు. ఆవిడెట్టాగూ పోయింది. నాకు ముగ్గురు పిల్లలండి, చంటిదానికి డబ్బా పాలు కొనాలి. మీరు మనోళ్ళేగదండి, మీకు తెలవనిదేవుంది," అన్నాడు.

దారం వల్ల చచ్చిపోయింది బాబూ, ఆ కంపెనీవాళ్ళకి శిక్ష పడాలి కదా అంది జీవరత్నం. పడనీండి, ఇంకెవరి పేరునైనా పడనీండి అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది, ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. మొగుడి మీదా? అర్జీ పెట్టినవాడి మీదా? గొర్రెపేగు కడగడానికి బద్ధకించిన ఏ దూరపు ఊరి మనిషి మీదా?

పెద్ద డాక్టరుగారు లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన మంచివాడే, పేదవాళ్ళకి చేతి నుంచి మందులు కొనిపెట్టే మనిషి. కానీ మన థియేటరులో కుట్టినామె ధనుర్వాతంతో పోయిందని పేపర్లో పడితే కంపెనీవాడు మన థియేటరే అశుభ్రం అంటాడు, విదేశాల నుంచి వచ్చే సాయం ఆగిపోతుంది, ఆస్పత్రి మూతపడుతుంది అని ఆయన భయం. మార్త అనే మనిషి ఊళ్ళో దొరకలేదు, అది నిజం. సీతమ్మ అనే మనిషి ధనుర్వాతంతో వచ్చి పోయింది, అదీ నిజం. ఇందులో అబద్ధం ఎక్కడుంది సిస్టర్ అన్నాడు. తరవాత చాలా మెత్తగా, కాకినాడలో మీవాడికి ఇంకా ఎన్నేళ్ళుంది అని అడిగాడు. ఇంకా ఏడాదిన్నరండి అంది జీవరత్నం. దేవుడు మేలు చేస్తాడు అన్నాడాయన.

పై మంగళవారం ఇన్‌స్పెక్టరు రత్తయ్యగారు వచ్చాడు. పెద్ద డాక్టరుగారి గదిలో కూర్చుని ఫైలు విప్పాడు. ఆరుగురూ బాగున్నారని రాసుకున్నాడు. ఏడో మనిషి సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగాడు. లేదండి అన్నాడు పెద్ద డాక్టరుగారు. అయినా ఇన్‌స్పెక్టరు ఫైలు మూయలేదు. పోయిన శనివారం ఇక్కడ ధనుర్వాతంతో ఒకామె పోయిందని విన్నానే అన్నాడు. అవును, సీతమ్మ అని, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చింది అని పెద్ద డాక్టరుగారు చేర్చుకున్న కాగితం ముందుకు తోశాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయనకి ఏదో అనుమానం ఉంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆ ఆస్పత్రిలో ఆయన నమ్మేది ఒక్కర్ని, జీవరత్నాన్ని రిజిస్టరుతో పిలిపించాడు.

"అమ్మా, ఈ సీతమ్మకి మీ థియేటరులో ఎప్పుడైనా ఆపరేషను జరిగిందా? మీ రిజిస్టరు చూసి చెప్పండి," అన్నాడు.

జీవరత్నం రిజిస్టరు తెరిచింది. చూడాల్సిన పని లేదు, అయినా పేజీలు తిప్పింది. ఏడో పేరున్న పేజీ వచ్చింది. తన చేతిరాతే, గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉంది. ఇదిగో ఈమే ఆమె అని ఆ పేరు మీద వేలు పెడితే చాలు, నోరు విప్పనక్కర్లేదు. వేలు పేజీ అంచు మీదే ఉండిపోయింది. పెద్ద డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నా రిజిస్టర్లో సీతమ్మ లేదండి," అంది.

మీ రిజిస్టర్లో లేదంటే లేనట్టే అన్నాడు ఇన్‌స్పెక్టరు. కళ్ళజోడు తుడుచుకుని రాశాడు. ఏడుగురిలో ఆరుగురు క్షేమం, ఒకరి ఆచూకీ తెలియలేదు, దారం వల్ల హాని జరిగినట్టు ఆధారం లేదు. కింద ఆమెని సంతకం పెట్టమన్నాడు. ఇంక నేను ఆపలేనమ్మా, సరుకు వదలమని పైవాళ్ళు రోజూ అడుగుతున్నారు, రేపు విడుదల ఉత్తరం ఇచ్చేస్తాను అన్నాడు. పెన్ను అందుకుంటూ, మన జిల్లాలో ఎన్ని పెట్టెలున్నాయండీ అని అడిగింది జీవరత్నం. నలభై పైచిలుకు అన్నాడు. పెట్టెకి పన్నెండు గొట్టాలు. ఆ లెక్క ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడైనా పెన్ను కింద పెట్టెయ్యొచ్చు. పెట్టలేదు. సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టరు ఆమెకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. జీపు గేటు దాటిన చప్పుడు వినపడ్డాక పెద్ద డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"దేవుడు మనల్ని కాపాడాడు సిస్టర్," అన్నాడు.

"మనల్నే కాపాడాడండి," అంది జీవరత్నం.

ఆయన ఆమె మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. థియేటరులో వరిబీజం కేసు బల్ల మీద ఎదురుచూస్తోందని నర్సు పిల్ల వచ్చి చెప్పింది. జీవరత్నం రిజిస్టరు చంకన పెట్టుకుని లేచింది.